పరాయి బిడ్డకు కొన్నాళ్ళ నీడ

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పాఠశాల ప్రవేశ రిజిస్టరు తెరిచి చూసినా అందులో ‘తండ్రి లేక సంరక్షకుని పేరు’ అనే గడి ఒకటి కనిపిస్తుంది. నూటికి తొంభై పేర్లు తండ్రులవే. మిగిలిన చోట్ల తాత, మేనమామ, పెద్దనాన్న అని వ్రాసి ఉంటుంది. ఆ ‘లేక’ అన్న చిన్న మాట వెనుక ఎన్ని కథలున్నవో గుమాస్తాకు తెలియదు. తెలుసుకొనే తీరికా ఉండదు. నేటి ప్రసంగ విషయం ఆ గడికి సంబంధించినది. తల్లిదండ్రులు బ్రతికి ఉండి కూడా కొంతకాలం బిడ్డను చూసుకోలేని స్థితి వచ్చినప్పుడు, బంధువులెవరూ అందుబాటులో లేనప్పుడు, ఆ గడిలో ఎవరి పేరు వ్రాయాలి? పెళ్ళి చేసుకోక, లేదా చేసుకొని ఒంటరియై, ఉద్యోగం చేసుకుంటూ బ్రతికే ఒక స్త్రీ పేరో, ఒక పురుషుని పేరో అక్కడ వ్రాయవచ్చునా?

ఈ ప్రశ్న భివండీ వంటి ఊరిలో ఊహాజనితమైనది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు మగ్గం విడిచి సాంచాను వెదుక్కుంటూ ఇక్కడికి వచ్చి తరాలు గడిచినవి. వచ్చినవారు ఊరినంతటినీ వెంట తెచ్చుకోలేరు. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు, ఒక ఖోలీ, ఇంతే సంసారం. అత్తమామలు సిరిసిల్లలోనో, దుబ్బాకలోనో ఉండిపోతారు. భర్త పన్నెండు గంటల షిఫ్టులో సాంచాల మీద, భార్య ఇంట్లో కండెల మీద. ఈ ఏర్పాటు ఇద్దరూ నిలబడి ఉన్నంతకాలమే నిలుస్తుంది. ఒకరు పడిపోతే రెండవవారు సాంచా వద్దనన్నా ఉండాలి, ఆసుపత్రి వద్దనన్నా ఉండాలి. మరి పిల్లల వద్ద ఎవరుండాలి?

పల్లెలో అయితే ఈ ప్రశ్న పుట్టదు. గడప దాటితే పెద్దమ్మ, వీధి దాటితే మేనత్త. అమ్మమ్మ ఇంట్లో పెరగడమన్నది తెలుగునాట ఎవరికీ వింత కాదు, దానికొక పేరు పెట్టవలసిన అవసరమూ కలగలేదు. వలస వచ్చిన ఊరిలో ఆ వల చిరిగిపోయినది. 2020లో కరోనా కాలంలో సాంచాలు ఆగిపోయి, రైళ్ళు ఆగిపోయి, వందల కిలోమీటర్ల అవతల ఉన్న తాత మనవడిని చూడడానికి రాలేకపోయినప్పుడు ఈ చిరుగు ఎంత పెద్దదో అందరికీ కనిపించినది. అదే సంవత్సరం సెప్టెంబరు 21 తెల్లవారుజామున భివండీ పటేల్ కాంపౌండ్‌లోని జిలానీ భవనం కూలి దాదాపు నలభై మంది మరణించినారు. ఒక్క రాత్రిలో ఇల్లూ, ఇంటివారూ లేకుండా పోవడమంటే ఏమిటో ఈ ఊరు ఎరుగును. అయితే వార్తాపత్రికలకు ఎక్కే ప్రమాదాల కంటె, ఎక్కని కష్టాలే ఎక్కువ. తల్లికి శస్త్రచికిత్స, తండ్రి తాగుడు, ఇద్దరిలో ఒకరు జైలు పాలు కావడం, మానసిక వ్యాధితో తల్లి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండడం. ఇవి ఏ చాలులోనైనా ఏడాదికొకసారి వినిపించే సంగతులే.

అటువంటి బిడ్డ కోసం చట్టం ఏర్పరచిన మార్గమే ఫోస్టర్ కేర్. తెలుగులో దీనిని తాత్కాలిక పోషణ అని పిలుచుకోవచ్చును. ఇది దత్తత కాదు. ఈ తేడా స్పష్టంగా తెలియకపోవడం వల్లనే చాలామంది వెనుకంజ వేస్తున్నారు, కొందరు తప్పుడు ఆశలతో ముందుకు వస్తున్నారు. దత్తతలో బిడ్డ ఇంటి పేరు మారుతుంది, వారసత్వం వస్తుంది, కన్నవారితో చట్టబంధం తెగిపోతుంది. తాత్కాలిక పోషణలో ఇవేవీ జరగవు. కన్నతల్లి తల్లిగానే ఉంటుంది. ఇంటి పేరు అదే. పోషించేవారు బిడ్డకు అన్నం పెడతారు, బడికి పంపుతారు, జ్వరం వస్తే డాక్టరు వద్దకు తీసుకువెళ్తారు, కన్నవారు కోలుకున్నాక తిరిగి అప్పగిస్తారు. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఏడాదికి మించనిదానిని స్వల్పకాలిక పోషణ అనీ, మించినదానిని దీర్ఘకాలికమనీ విభజించినవి. 2015 నాటి బాల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఈ పోషణకు ఆధారం. బిడ్డను ఎవరికి అప్పగించాలో నిర్ణయించేది బాలల సంక్షేమ సమితి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఈ సమితి జిల్లాకొకటి చొప్పుననైనా ఉండవలెనని చట్టం చెబుతున్నది.

ఒంటరివారి మాటకు వస్తే, చాలాకాలం వరకు ఈ ద్వారం వారికి మూసియే ఉన్నది. విచిత్రమేమంటే పెళ్ళికాని స్త్రీ దత్తత తీసుకొనే హక్కును 1956 నాటి హిందూ దత్తత చట్టమే ఇచ్చినది. అంటే ఒక బిడ్డను జన్మాంతం తనదిగా చేసుకోవడానికి ఒంటరి స్త్రీ తగును. ఆరు నెలలు అన్నం పెట్టడానికి మాత్రం తగదు! 2016 మార్గదర్శకాలు సైతం దంపతులనే దృష్టిలో ఉంచుకొన్నవి. ఈ వింత 2024లో తొలగినది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆ సంవత్సరం విడుదల చేసిన నమూనా మార్గదర్శకాల ప్రకారం అవివాహితులు, భర్తనో భార్యనో కోల్పోయినవారు, విడాకులు పొందినవారు, చట్టరీత్యా వేరుగా ఉంటున్నవారు కూడ పోషణకు ముందుకు రావచ్చును. వయస్సు 35కు తక్కువ, 60కి ఎక్కువ కారాదు. స్త్రీ అయితే ఆడపిల్లనైనా, మగపిల్లవాడినైనా పోషించవచ్చును. పురుషుడు మగపిల్లవాడిని మాత్రమే పోషించాలి. పిల్లలు సాధారణంగా ఆరేళ్ళు దాటినవారై ఉంటారు.

ఈ చివరి నియమం చూసినప్పుడు కణ్వమహర్షి గుర్తుకు రాక మానడు. అడవిలో పక్షుల నడుమ దొరికిన పసికందును తెచ్చి శకుంతల అని పేరు పెట్టి పెంచిన కణ్వుడు గృహస్థు కాడు. ఒంటరివాడు, పైగా నిత్య కార్యభారం గలవాడు. దుష్యంతుడు వచ్చిన నాడు ఆయన ఆశ్రమంలో లేడు. నేటి మార్గదర్శకాల ప్రకారం ఆయనకు ఆడపిల్లను అప్పగించేవారు కారు. ఆ నియమంలోని జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. అయినా ఆ బిడ్డ అత్తవారింటికి బయలుదేరిన వేళ, సంసారం లేని ఋషికి కలిగిన దుఃఖాన్ని కాళిదాసు ఒక అంకమంతా చిత్రించినాడంటే, పెంచినవారి ప్రేమకు పెళ్ళితో పని లేదని ఈ దేశానికి ఏనాడో తెలుసునన్న మాట. ఇక యశోద సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పోతన భాగవతం చదివిన తెలుగువారికి దేవకి కంటె యశోదయే దగ్గరి మనిషి. కాని ఒక్క సంగతి మరచిపోతుంటారు: యశోద పెంచినది తిరిగి ఇవ్వవలసిన బిడ్డను. అక్రూరుని రథం వచ్చిననాడు ఆమె వాకిట నిలబడవలసి వచ్చినది. రథం వస్తుందని ఆమెకు ముందు తెలియదు. తాత్కాలిక పోషణకు సిద్ధపడేవారికి మొదటి రోజునుండే తెలుసును. తేడా అంతే, కాని చిన్న తేడా కాదు.

పురాణాలు ధైర్యమిస్తాయి గాని, ఉదయం ఏడున్నరకు బస్సు ఎక్కవలసిన ఉద్యోగినికి దారి చూపలేవు. కాబట్టి ఒక ఉదాహరణ అనుకుందురు గాక. నాగావ్‌లో నివసించే నలభై రెండేళ్ళ ఉపాధ్యాయిని. అవివాహిత. రెండు గదుల ఇల్లు, నెల జీతం, ఊరిలో ఒక తల్లి. తన తరగతిలోని ఎనిమిదేళ్ళ పిల్ల పది రోజులుగా బడికి రావడం లేదు. తండ్రి ఏడాది క్రితం పోయినాడు, తల్లి ఆసుపత్రిలో ఉన్నది, ఇంకా నాలుగైదు నెలలు పట్టవచ్చును. పక్క ఖోలీవారు ఒక పూట అన్నం పెడుతున్నారు, వారికీ నలుగురు పిల్లలు. ఉపాధ్యాయిని మనస్సులో ఒక ఆలోచన మెదులుతుంది. ఆ వెంటనే సందేహాలు బారులు తీరుతాయి.

అన్నిటికంటె ముందు వచ్చే సందేహం సమయం గురించి. ఇది న్యాయమైన సందేహం. ఇద్దరు పెద్దలున్న ఇంటిలో ఒకరికి ఆలస్యమైతే రెండవవారు ఉంటారు. ఒంటరి ఇంటిలో రెండవవారు లేరు. పిల్లకు జ్వరం వచ్చిన రోజున ఎవరు సెలవు పెట్టాలన్న చర్చే ఉండదు. ప్రసూతి సెలవుల చట్టాలు శిశువును దత్తత తీసుకొన్న తల్లిని గుర్తించినవి గాని, ఎనిమిదేళ్ళ పిల్లను ఆరు నెలలు పోషించే స్త్రీని గూర్చి ఒక్క మాట చెప్పలేదు. కనుక ఆమె తనకు గల సాధారణ సెలవులనే లెక్కపెట్టుకోవలసి ఉంటుంది. బడి వదిలిన గంట, తాను ఇల్లు చేరే గంట, ఈ రెండింటి నడుమ పిల్ల ఎక్కడ ఉంటుందన్న దానికి ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. ఉపాధ్యాయినికి ఈ విషయంలో సౌలభ్యం ఎక్కువ. నర్సుకు, బ్యాంకు గుమాస్తాకు తక్కువ. రాత్రి షిఫ్టు తప్పనివారు ఈ దశలో ముందుకు రాకపోవడమే బిడ్డకు మేలు. వారు మరొకరికి తోడుగా నిలబడవచ్చును. ఆ తోడు గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఒంటరి మనిషి పోషణకు పూనుకోవడమంటే ఒంటరిగా పూనుకోవడం కాదు. అత్యవసర వేళ తలుపు తట్టదగిన ఇద్దరు స్నేహితురాండ్రో, ఒక పొరుగింటి పెద్దమ్మయో ఉండాలి, వారి పేర్లు విచారణకు వచ్చే సాంఘిక కార్యకర్తకు ముందే చెప్పాలి. అటువంటి మనుషులు లేనివారు మొదట వారిని సంపాదించుకోవాలి, బిడ్డ సంగతి తరువాత.

డబ్బు సంగతి త్వరగా ముగించవచ్చును. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం క్రింద ఇటువంటి బిడ్డకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. మహారాష్ట్ర ప్రభుత్వపు బాల సంగోపన్ పథకం సాయాన్ని 2023లో నెలకు 2,250 రూపాయలకు పెంచినారు. ఏ పథకం ఏ బిడ్డకు వర్తించేదీ జిల్లా కార్యాలయం నిర్ణయిస్తుంది. ఈ మొత్తాలు బిడ్డ ఖర్చులకు ఆసరాయే గాని, ఎవరికీ రాబడి కావు. మంజూరైన డబ్బు మొదటి నెలలోనే చేతికి రాకపోవచ్చును కాబట్టి మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొన్నవారే నిబ్బరంగా ఉండగలరు.

తరువాతిది లోకం మాట. చాలులో మొదటి వారం వినిపించేది ఇదే: “పెండ్లి కాలేదు గదా, ఈ పిల్ల ఎక్కడిది?” రెండవ వారం మరొకటి: “ఎవరి కులమో ఏమో.” మూడవది అన్నిటికంటె మెత్తగా వస్తుంది, నొప్పి కూడ ఎక్కువ: “ఎందుకమ్మా నీకీ తలనొప్పి, రేపు వాళ్ళ బిడ్డను వాళ్ళు తీసుకుపోతే నీకేం మిగులుతుంది?” మొదటి రెండింటికి సమితి ఇచ్చిన ఉత్తర్వు కాగితమే సమాధానం. చట్టబద్ధమైన కాగితం చేతిలో ఉన్న స్త్రీని పొరుగువారు ఎక్కువ కాలం ప్రశ్నించరు. మూడవదానికి కాగితం చాలదు. దానిని గురించి కొంచెం ఆగి చెప్పుకోవలసి ఉన్నది.

పిల్ల ఆమెను ఏమని పిలవాలి? చిన్న విషయంగా కనిపించే ఈ ప్రశ్నలోనే తాత్కాలిక పోషణ ధర్మమంతా ఇమిడి ఉన్నది. ఒంటరి స్త్రీకి ‘అమ్మా’ అన్న పిలుపు తీయగా ఉంటుంది. కాని ఆ పిల్లకు ఒక అమ్మ ఉన్నది, ఆసుపత్రి మంచం మీద బిడ్డను తలచుకుంటూ ఉన్నది. ఆ పిలుపును తీసుకొంటే, రేపు తిరిగి వెళ్ళవలసిన పిల్లను రెండు ముక్కలు చేసినట్లే. తెలుగు భాష ఈ విషయంలో అదృష్టవంతురాలు. ఇంగ్లీషువారికి ‘ఆంటీ’ తప్ప మరొకటి లేదు. తెలుగువారికి పెద్దమ్మ ఉన్నది, చిన్నమ్మ ఉన్నది, అత్తమ్మ, అక్క ఉన్నారు. తల్లి ఒప్పుకొంటే ‘పెద్దమ్మ’ అన్న పిలుపు అన్ని విధాల తగినది. అందులో అమ్మ ఉన్నది, అమ్మ స్థానం మాత్రం పోలేదు.

ఈ సూక్ష్మం పాశ్చాత్య దేశాలలో శాస్త్రీయంగా పరిశీలించబడినది. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే దంపతులు 1960లలో తల్లి నుండి కొద్ది రోజులు విడిపోయిన చిన్నపిల్లలను పరిశీలించి చలనచిత్రాలు తీసినారు. తల్లులు కాన్పుకు ఆసుపత్రిలో ఉండగా నలుగురు పిల్లలను ఒకరి తరువాత ఒకరిని తమ ఇంటిలోనే ఉంచుకొని జాయిస్ స్వయంగా చూసుకొన్నది. పది రోజుల నుండి ఇరవై ఏడు రోజుల వరకు. ముందుగా పరిచయం చేసుకోవడం, పిల్ల వాడే దుప్పటి, ఆటవస్తువులు వెంట తెచ్చుకోవడం, తల్లి ఫోటో చూపించడం, ప్రతిరోజూ తల్లి గురించి మాట్లాడడం ఆమె పద్ధతి. ఆ పిల్లలు బెంగపడ్డారు గాని కుంగిపోలేదు. ఐదవవాడు పదిహేడు నెలల జాన్. అతనిని తొమ్మిది రోజులు ఒక శిశుసంరక్షణ గృహంలో ఉంచినారు. అక్కడి నర్సులు చెడ్డవారు కారు, దయగలవారే. కాని షిఫ్టులు మారేవి. జాన్ ఒక నర్సును పట్టుకోబోయేసరికి ఆమె డ్యూటీ అయిపోయేది. తొమ్మిదవ రోజున తల్లి వస్తే ఆ బిడ్డ ఆమె వద్దకు పోవడానికి నిరాకరించినాడు. షిఫ్టులు అంటే ఏమిటో భివండీవారికి వివరించనక్కరలేదు. సాంచాకు మనిషి మారినా ఫరవాలేదు, బట్ట దిగుతుంది. బిడ్డకు అలా కుదరదు. ఒకే మనిషి ఉండాలి. ఆ ఒక్క మనిషి పెళ్ళయినదా కానిదా అన్నది ఆ తరువాతి మాట.

రుమేనియాలోనూ ఇదే తేలినది. బుఖారెస్టు నగరపు అనాథాశ్రమాలలోని 136 మంది పసిపిల్లలను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని పోషక కుటుంబాలకు అప్పగించి, ఏళ్ళ తరబడి పరిశీలించిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడినవి. ఇండ్లకు వెళ్ళిన పిల్లల బుద్ధివికాసం ఆశ్రమాలలో ఉండిపోయినవారి కంటె స్పష్టంగా మెరుగుపడినది.

ఇంతమాత్రాన పరాయి ఇల్లు ఎప్పుడూ చల్లని నీడయే అని భ్రమపడరాదు. 1939 సెప్టెంబరు మొదటి రోజులలో యుద్ధభయంతో బ్రిటన్ నగరాల నుండి సుమారు పదిహేను లక్షల మందిని, అధికభాగం పిల్లలను, పల్లెలకు తరలించి తెలియని ఇండ్లలో ఉంచినారు. కొందరికి ఆ ఇండ్లు జీవితాంతం పుట్టిండ్లయినవి. కొందరిని పొలం పనికి పనికివస్తాడా అని భుజాలు చూసి ఎంచుకొన్నారు. 1945 జనవరిలో డెనిస్ ఓనీల్ అనే పన్నెండేళ్ళ బాలుడు తనను పోషణకు ఉంచిన పొలం ఇంటిలో ఆకలితో, దెబ్బలతో మరణించినాడు. అధికారులు చూసివెళ్ళవలసినంత తరచుగా చూడలేదు. ఆ మరణం రేపిన కలకలం 1948 నాటి బాలల చట్టానికి దారి తీసిన కారణాలలో ఒకటి.

భుజాలు చూసి ఎంచుకోవడం దూరదేశపు కథ మాత్రమే కాదు. ఊరి నుండి పేదపిల్లను ‘పెంచుకొంటాము, చదివిస్తాము’ అని తెచ్చి, అంట్లు తోమించిన ఇండ్లు తెలుగువారిలో తక్కువేమీ లేవు. నాగావ్‌లో అంట్లతో పాటు కండెలు కూడ ఉన్నవి. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉన్నది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టడం 2006 అక్టోబరు 10 నుండే నిషిద్ధం. 2016 సవరణ, బడి వేళల తరువాత సొంత కుటుంబపు వృత్తిలో సాయపడవచ్చునని ఒక మినహాయింపు ఇచ్చినది గాని, ఆ కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, వారి వైపు పినతల్లులు, మేనమామల వంటివారే. పోషణకు వచ్చిన బిడ్డ చేత కండె చుట్టించడానికి అందులో చోటు లేదు. తన పళ్ళెం తాను కడుక్కోవడం వేరు, ఇంటివారందరి పళ్ళాలు కడగడం వేరు. ఈ తేడా తెలియనివారు బిడ్డను తెచ్చుకోకపోవడమే మంచిది.

అందుకే సమితి ప్రతి నెల ఆ ఇంటిని పరిశీలించాలని 44వ సెక్షన్ నిర్దేశించినది. ఉద్యోగం చేసుకొనే గౌరవనీయురాలైన స్త్రీకి ఈ తనిఖీ చిన్నతనంగా తోచవచ్చును. బీరువా తెరిచి చూపమన్నట్లు, బిడ్డతో విడిగా మాట్లాడుతామన్నట్లు ఉంటుంది. డెనిస్ ఓనీల్ కథ తెలిసినవారికి అందులో చిన్నతనం కనిపించదు.

మంచి మనస్సుతో జరిగే ఒక పొరపాటును కూడ ఇక్కడ పేర్కొనాలి. పైన చెప్పిన ఉపాధ్యాయిని ఎవరికీ చెప్పకుండా పిల్లను ఇంటికి తెచ్చి నాలుగు రోజులు ఉంచుకొంటే ఏమవుతుంది? దయ అవుతుంది గాని పోషణ కాదు. తల్లి తానుగా, స్పృహలో ఉండి, తన బంధువుకో స్నేహితురాలికో అప్పగిస్తే అది వేరు. దిక్కులేక కనిపించిన బిడ్డ విషయాన్ని 24 గంటలలోగా 1098కి గాని, పోలీసులకు గాని, సమితికి గాని తెలియజేయాలని చట్టం కోరుతున్నది. తెలియజేయకపోవడం నేరం. 1996లో ముంబయిలో టాటా సాంఘిక శాస్త్ర సంస్థ ఆధ్వర్యంలో పుట్టిన 1098 సేవ ఇరుగుపొరుగు ఊరు వారికి కొత్త కాదు. సమాచారం ఇచ్చినంత మాత్రాన బిడ్డ దూరమైపోతుందన్న భయం అక్కరలేదు. ‘ఈ బిడ్డను పోషించడానికి సిద్ధంగా ఉన్నాను’ అని అదే రోజు సమితి ముందు చెప్పుకోవచ్చును. అయితే ముందే విచారణ పూర్తయి, అర్హుల జాబితాలో పేరున్న వ్యక్తికి అప్పగించడం సమితికి సులభం. అవసరం వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టడం కంటె, దరఖాస్తు ముందు పెట్టి అవసరం కోసం వేచి ఉండడం మేలు.

ఒక తెలుగు పాఠశాల ఉత్సవంలో ఈ మాటలు చెప్పడానికి గల ప్రధాన కారణం ఇంకొకటి ఉన్నది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992 డిసెంబరులో అంగీకరించినది. దాని 20వ అధికరణం, కుటుంబానికి దూరమైన బిడ్డకు వేరొక నీడ చూపేటప్పుడు ఆ బిడ్డ మతం, సంస్కృతి, భాష తెగిపోకుండా చూడాలని చెబుతున్నది. నాగావ్‌లో తెలుగు మాధ్యమంలో మూడవ తరగతి చదివే పిల్లను జిల్లాలో ఎక్కడో మరాఠీ మాట్లాడే బాలగృహంలో చేర్పిస్తే ఏమవుతుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. మరాఠీ నేర్చుకొంటుంది, తప్పులేదు, మంచి భాష. కాని రాత్రి పీడకల వచ్చి లేచినప్పుడు ఏ భాషలో ఏడవాలో ఆ పిల్లకు తెలియదు. ఆరు నెలల తరువాత తల్లి వద్దకు తిరిగి వచ్చేసరికి తరగతి మారి, పుస్తకం మారి, స్నేహితులు మారిపోయి ఉంటారు. అదే వీధిలో, అదే బడికి పంపగల తెలుగు ఇల్లు ఒకటి ఉంటే ఇంత నష్టం ఉండదు. సమితి ఎదుట అటువంటి ఇల్లు ఒకటి ఉన్నదని తెలిస్తేనే గదా అప్పగించేది! భివండీ తెలుగువారు గుడులు కట్టుకొన్నారు, బడులు కట్టుకొన్నారు, సంఘాలు పెట్టుకొన్నారు. పోషణకు ముందుకు వచ్చే నాలుగైదు ఇండ్ల పేర్లు జిల్లా కార్యాలయంలో ఉండడం వీటికంటె తక్కువ పని కాదు.

ఒంటరి పురుషుల గురించి కూడ ఒక మాట. సాంచాల ఊరిలో కుటుంబాన్ని ఊరిలో వదిలి వచ్చిన మగవారు ఎందరో ఉన్నారు. బిస్సీలో భోజనం, పదిమందితో ఒక ఖోలీ. వారిని చట్టం ఒంటరివారిగా లెక్కించదు, వారి గదిలో బిడ్డకు చోటూ లేదు. అయితే స్థిరమైన ఇల్లు, పగటి ఉద్యోగం గల నడివయస్సు బ్రహ్మచారియో, భార్యను కోల్పోయినవాడో ఒక పన్నెండేళ్ళ కుర్రవాడికి నీడ ఇవ్వగలడు. ఆ వయస్సు మగపిల్లలకు ఇల్లు దొరకడం అన్నిచోట్లా కష్టమే. వారిని తెచ్చుకోవడానికి అందరూ జంకుతారు.

ఇక మూడవ వారం వినిపించిన ప్రశ్న: చివరికి ఏం మిగులుతుంది? బిడ్డ వెళ్ళిపోతుంది. వెళ్ళాలి కూడ. కన్నవారు తగినవారని సమితి తేల్చిన మీదట తిరిగి పంపడమే చట్టపు ఉద్దేశం. పోషణ కాలంలో కన్నవారు వచ్చి చూసిపోయే హక్కు కూడ, సమితి కూడదంటే తప్ప, వారికి ఉన్నది. రెండేళ్ళు పోషణలో ఉన్న తరువాత, బిడ్డ చట్టరీత్యా దత్తతకు అర్హత పొందిన పక్షంలో, పోషించినవారు దత్తత కోరవచ్చునని 2024 మార్గదర్శకాలు చెబుతున్నవి. ఇంతకుముందు ఈ గడువు ఐదేళ్ళు. కాని దానిని మనస్సులో పెట్టుకొని స్వల్పకాలిక పోషణకు రావడం, వడ్డీ ఆశించి చేబదులు ఇవ్వడం వంటిది. తల్లి కోలుకొంటున్నదని తెలిసినప్పుడు లోలోపల దిగులు కలిగితే, ఆ దిగులును దాచుకోనక్కరలేదు. తల్లి కోలుకోరాదన్న కోరిక తలెత్తితే మాత్రం సాంఘిక కార్యకర్తతో చెప్పి విరమించుకోవాలి. దత్తతయే కోరేవారికి దత్తత మార్గం వేరే ఉన్నది, అది ఒంటరివారికి కూడ తెరచియే ఉన్నది.

వెళ్ళే రోజుకు సిద్ధం చేయడం వచ్చిన రోజునుండే మొదలవుతుంది. వారానికొకసారి తల్లి వద్దకు తీసుకువెళ్ళడం, కుదరనప్పుడు ఫోనులో మాట్లాడించడం, పిల్ల వేసిన బొమ్మలు, పరీక్ష కాగితాలు ఒక సంచిలో దాచి ఉంచడం, వేసిన టీకాలు, వాడిన మందులు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టడం. చివరి నెలలో ఒక రాత్రి తల్లి వద్ద, తరువాత రెండు రాత్రులు, ఇట్లా సమితి అనుమతితో నెమ్మదిగా జరపాలి. ఒకే రోజున సంచి సర్ది ఆటో ఎక్కించడం బిడ్డకూ మంచిది కాదు, పంపేవారికీ మంచిది కాదు. పిల్ల తిరిగి వెళ్ళిన తరువాత అదే బడిలో, అదే తరగతిలో ఉపాధ్యాయినికి ప్రతిరోజూ కనిపిస్తూనే ఉంటుంది. కొన్నాళ్ళు ‘పెద్దమ్మా’ అంటుంది, తరువాత ‘టీచర్’ అంటుంది. ఆ మార్పును సంతోషంగా వినగలనా అని దరఖాస్తు మీద సంతకం చేసే ముందే ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఆలోచించుకొని సిద్ధపడినవారు సంప్రదించవలసినది ఠాణే జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని. దరఖాస్తు దత్తతకు ఉపయోగించే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా కూడ చేసుకోవచ్చును. గుర్తింపు పత్రాలు, వయస్సు ధ్రువీకరణ, ఆదాయపు పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. పోలీసు విచారణ ఉంటుంది. సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి గదులు చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు, ఇరుగుపొరుగును విచారిస్తారు. కాగితాలు మరాఠీలో ఉంటాయి కనుక, చదవడం రానివారికి తోడు వెళ్ళి నింపి ఇవ్వగల ఉపాధ్యాయులు ఈ సభలోనే ఉన్నారు.